ప్లాంటేషన్ అంటే మొక్కలు నాటడమేనా?

ఈరోజు మనం మాట్లాడుకునే మాట మీ అందరికీ తెలిసిందే. ప్లాంటేషన్. జులై వచ్చి రెండు వానలు పడ్డాయంటే చాలు, కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ గ్రూపులో మెసేజ్ దిగుతుంది: "రేపు పొద్దున ఏడింటికి ప్లాంటేషన్ ప్రోగ్రామ్, అందరూ రావాలి." వెళ్తాం, మొక్క పట్టుకుంటాం, ఫోటో దిగుతాం, స్టేటస్ పెడతాం. అయిపోయింది.

పోయిన వానాకాలం నేనూ అదే చేశాను. మా వీధిలో మొక్కలు నాటాం. చేతిలో పలుగు, బట్టల నిండా బురద, ముఖం నిండా నవ్వు. ఆ ఫోటో స్టేటస్‌లో పెట్టి, కింద "హ్యాపీ ప్లాంటేషన్ డే" అని రాశాను. పది నిమిషాల్లో సౌత్ ఆఫ్రికాలోని డర్బన్ నుంచి ఒక ఫ్రెండ్ మెసేజ్ పెట్టింది. వాళ్లది అక్కడ ఐదు తరాల తెలుగు కుటుంబం. "ప్లాంటేషన్‌లో హ్యాపీ ఏముంది?" అని అడిగింది.

నేను జోక్ అనుకున్నా. నవ్వే ఎమోజీ పంపా. అప్పుడు రాసింది: "మా ముత్తవ్వ వాళ్ల అమ్మ మద్రాసులో ఓడ ఎక్కి ఇక్కడికి వచ్చింది ప్లాంటేషన్‌కే. చెరకు నరకడానికి. మా ఇంట్లో ఆ మాట ముందు హ్యాపీ అని ఎవరూ పెట్టరు."

నాకు ఏం చెప్పాలో తెలియలేదు. నేను మొక్క గురించి రాశాను. ఆమె మనుషుల గురించి చదివింది. ఇద్దరం వాడింది ఒకటే మాట. ఇదెలా కుదిరింది? అది తెలుసుకుందామని మొదలుపెడితే ఈ ఎపిసోడ్ తయారైంది.

ముందు చిన్న చిన్న తికమకలు తీర్చేద్దాం

ఈ మాట చుట్టూ మూడు నాలుగు పొరపాట్లు తిరుగుతుంటాయి. వాటిని మొదటే పక్కన పెట్టేద్దాం.

ఒకటి, "హెయిర్ ప్లాంటేషన్". జుట్టు ఊడిపోతే చేయించుకునేది హెయిర్ ట్రాన్స్‌ప్లాంటేషన్. ట్రాన్స్ అంటే ఒక చోటి నుంచి ఇంకో చోటికి. నారుమడిలో నారు తీసి పొలంలో నాటితే ట్రాన్స్‌ప్లాంటింగ్ అంటారు కదా, అదే మాట. తల వెనక నుంచి తీసి ముందు నాటుతారు. అంటే ఒక రకంగా వరినాట్లే.

రెండు, "ప్లాంటైన్". ఇది అరటి, ముఖ్యంగా కూర అరటి రకం. వినడానికి దగ్గరగా ఉంటుంది గానీ ప్లాంటేషన్‌తో దీనికి పని లేదు.

మూడు, "ప్లాంట్". మొక్కా ప్లాంటే, స్టీల్ ఫ్యాక్టరీ కూడా ప్లాంటే. విశాఖలో "ప్లాంట్‌లో పని చేస్తాడు" అంటే ఎవరూ తోటమాలి అనుకోరు. లాటిన్‌లో "ప్లాంటా" అంటే మొలక, నాటే కొమ్మ. భూమిలో పాతి నిలబెట్టడం అన్న భావం నుంచి అన్ని దారులూ చీలాయి. యంత్రాన్ని స్థిరంగా ఒక చోట నిలబెడితే అదీ ప్లాంటే అయింది.

ఇక మన మాట, ప్లాంటేషన్. దీనికి కనీసం నాలుగు అర్థాలు ఉన్నాయి.

మొదటి అర్థం: నాటడం అనే పని

"ప్లాంటేషన్ చేశాం" అని మనం అనేది ఈ అర్థంలోనే. ఇండియాలో ఇది బాగా పాతుకుపోయింది. పేపర్లో "ట్రీ ప్లాంటేషన్ డ్రైవ్" అని రాస్తారు, ఆఫీసు సర్క్యులర్‌లోనూ అలాగే ఉంటుంది. బ్రిటన్‌లోనో అమెరికాలోనో అయితే ఈ పనిని "ట్రీ ప్లాంటింగ్" అంటారు. అక్కడ ప్లాంటేషన్ అంటే పని కాదు, ఒక స్థలం.

మరి మనది తప్పా? పూర్తిగా తప్పు అనలేం. ఇంగ్లీషులో కూడా చాలా పాతకాలంలో ఈ మాటకి "నాటడం" అనే అర్థం ఉండేది. అక్కడ అది వాడుకలోంచి జారిపోయింది, మన దగ్గర బతికే ఉంది. కాబట్టి ఎవరైనా ప్లాంటేషన్ ప్రోగ్రామ్ అంటే వాళ్లని పట్టుకుని కరెక్ట్ చేయక్కర్లేదు. కానీ బయటి దేశం వాళ్లకి రాసేటప్పుడు, ఇంటర్వ్యూలోనో రెజ్యూమేలోనో రాసేటప్పుడు "ట్రీ ప్లాంటింగ్" అని రాయండి. లేకపోతే మీరు ఏదో ఎస్టేట్‌లో పని చేశారని అనుకుంటారు.

ఇంకో మాట. మన ప్రభుత్వాలు ఈ పనికి పెట్టుకున్న పేర్లు చూడండి. 1950లో అప్పటి కేంద్రమంత్రి కె.ఎం. మున్షీ మొదలుపెట్టినది వనమహోత్సవం. 2015లో తెలంగాణలో మొదలైంది హరితహారం. వనం, హారం. వింటుంటేనే చల్లగా ఉంటుంది. అదే పనికి ఫైల్లో ప్లాంటేషన్ అని పడుతుంది. ఆ తేడా సంగతి తర్వాత చెప్తాను.

రెండో అర్థం: మనుషుల్ని నాటడం

ఇది నాకు కూడా కొత్తే. నాలుగు వందల ఏళ్ల కిందట ఇంగ్లీషువాళ్లు ప్లాంటేషన్ అంటే చెట్లూ కాదు, పంటా కాదు. కొత్త నేల మీదికి తమ మనుషుల్ని తీసుకెళ్లి స్థిరపరచడం. అంటే వలస రాజ్యం.

1609 నుంచి ఐర్లాండ్ ఉత్తర భాగంలో ఇలాగే చేశారు. దాన్ని చరిత్రలో అల్‌స్టర్ ప్లాంటేషన్ అంటారు. అక్కడి ఐరిష్ పెద్దల భూములు స్వాధీనం చేసుకుని, ఇంగ్లండ్ నుంచి, స్కాట్లాండ్ నుంచి వచ్చినవాళ్లకి పంచారు. ఆ నేలలో నాటింది మొక్కల్ని కాదు, మనుషుల్ని. ఆ చీలిక ప్రభావం ఇప్పటికీ ఉత్తర ఐర్లాండ్ రాజకీయాల్లో కనిపిస్తుంది. ఫ్రాన్సిస్ బేకన్ 1625లో ప్లాంటేషన్ల మీద ఒక వ్యాసం అచ్చు వేశాడు. తోటపని గురించి ఏమో అని తెరిస్తే, అది వలసలు ఎలా స్థాపించాలన్న దాని గురించి.

అమెరికాలో రోడ్ ఐలండ్ అని ఒక చిన్న రాష్ట్రం ఉంది. దాని అధికారిక పేరు నిన్నమొన్నటి దాకా "స్టేట్ ఆఫ్ రోడ్ ఐలండ్ అండ్ ప్రావిడెన్స్ ప్లాంటేషన్స్". ఆ పేరులో ప్లాంటేషన్స్ అంటే వలస స్థావరాలు అనే పాత అర్థమే. కానీ వినేవాళ్లకి బానిసత్వం గుర్తొస్తోందని, 2020 నవంబర్‌లో ఓటింగ్ పెట్టి ఆ ముక్క తీసేశారు. అంతకు పదేళ్ల ముందు, 2010లో ఇదే ప్రశ్న అడిగితే జనం వద్దన్నారు. డిక్షనరీలో ఉన్న అర్థం ఒకటి, జనం గుండెల్లో ఉన్న అర్థం ఒకటి. చివరికి రెండోదే నెగ్గింది.

మూడో అర్థం: ఒకే పంట, ఒకే యజమాని, వందల చేతులు

ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువమందికి ప్లాంటేషన్ అనగానే గుర్తొచ్చేది ఇది. అమ్మకానికి పండించే ఒకే పంట, చాలా పెద్ద నేల, అక్కడే కాపురం ఉండే పనివాళ్లు. చెరకు, పత్తి, టీ, కాఫీ, రబ్బరు.

ఎందుకు ఈ పంటలకే ఇలా జరిగింది? చెరకు తీసుకోండి. కొట్టిన చెరకు ఎక్కువసేపు ఉంచితే రసం పాడైపోతుంది, వెంటనే గానుగాడాలి. అంటే మిల్లు పొలం పక్కనే ఉండాలి, నరికేవాళ్లు గుంపుగా ఉండాలి, సీజన్‌లో రాత్రీ పగలూ పని నడవాలి. టీ కూడా అంతే. చిగురు వారం పది రోజులకోసారి కోస్తూనే ఉండాలి, కోసిన ఆకు వాడిపోకముందే ఫ్యాక్టరీకి చేరాలి. రబ్బరు చెట్టుకి పాలు తీయాలంటే తెల్లవారుజామునే వెళ్లాలి, చల్లగా ఉన్నప్పుడే పాలు బాగా కారతాయి. ఇలాంటి పంటకి "రేపొస్తా, ఎల్లుండొస్తా" అనే కూలీలు పనికిరారు. ఎక్కడికీ వెళ్లలేని కూలీలు కావాలి. ప్లాంటేషన్ యజమానులు వెతుక్కున్నది వాళ్లనే.

కరీబియన్ దీవుల్లో, బ్రెజిల్‌లో, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలతో ఈ పని చేయించారు. అమెరికా చరిత్రకారులు "ప్లాంటర్" అనే మాటకి ఇచ్చే లెక్క ఒకటుంది: 20 మంది, అంతకు మించి బానిసలు ఉన్నవాడు ప్లాంటర్. ఎన్ని ఎకరాలు అని కాదు, ఎంతమంది మనుషులు అని. ఆ ఒక్క లెక్కలో మొత్తం కథ ఉంది.

అక్కడ ఆ పాత బంగళాలు ఇప్పటికీ ఉన్నాయి. అందంగా ఉంటాయి కదా అని చాలామంది అక్కడ పెళ్లిళ్లు చేసుకునేవాళ్లు. 2019 డిసెంబర్‌లో పింటరెస్ట్ సంస్థ ఇలాంటి "ప్లాంటేషన్ వెడ్డింగ్" కంటెంట్‌ని ప్రమోట్ చేయం అని చెప్పింది. ఆ గోడల వెనక ఏం జరిగిందో తెలిసినవాళ్లకి అక్కడ సంగీత్ పెట్టుకోవడం ఎలా ఉంటుందో ఆలోచించండి. ఇది చదివాక నా స్టేటస్ మళ్లీ ఓసారి గుర్తొచ్చింది.

ఇందులో మనవాళ్లు ఎలా వచ్చారు?

బ్రిటిష్ రాజ్యంలో బానిసత్వం రద్దు చేస్తూ 1833లో చట్టం చేశారు. 1834 నుంచి అమల్లోకి వచ్చింది. చెరకు తోటల యజమానులకి చేతులు కావాలి. అప్పుడు కళ్లు ఇండియా మీద పడ్డాయి. 1834 నవంబర్ 2న అట్లాస్ అనే ఓడలో మొదటి ఒప్పంద కూలీల బృందం మారిషస్‌లో దిగింది. ఆ తర్వాత దాదాపు ఐదు లక్షల మంది భారతీయులు ఆ దీవికి చేరారు. వాళ్లు దిగిన చోటు పోర్ట్ లూయీలోని ఆప్రవాసీ ఘాట్. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి వెళ్లి డర్బన్‌లో లంగరు వేసింది. అప్పటి నుంచి 1911 దాకా నటాల్ అనే ఆ ప్రాంతానికి సుమారు 1,52,000 మంది వెళ్లారు. వాళ్లలో ఎక్కువమంది మద్రాసులో ఓడ ఎక్కినవాళ్లే. తమిళులు, తెలుగువాళ్లు. 1879 నుంచి 1916 మధ్య ఫిజీకి 60 వేలకు పైగా వెళ్లారు. అక్కడికి దక్షిణాది వాళ్లు 1903 నుంచి చేరారు. సిలోన్, మలయాలకి ఒప్పందాలకంటే కంగాణీల ద్వారా ఎక్కువమంది వెళ్లారు. కంగాణి అంటే ఊళ్లోకొచ్చి అడ్వాన్సు ఇచ్చి మనుషుల్ని పోగుచేసే మేస్త్రీ. అస్సాం తేయాకు తోటల్లో కూడా తెలుగు మూలాలున్న కుటుంబాలు ఉన్నాయి. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు ఎంత దూరం వెళ్లిందంటే, బర్మాలో, మారిషస్‌లో తెలుగువాళ్లని ఆ ఊరి పేరుతోనే పిలిచేవాళ్లు.

ఒప్పందం అంటే ఏంటి? మామూలుగా ఐదేళ్లు. నటాల్‌లో మగవాళ్లకి మొదటి ఏడాది నెలకి 10 షిల్లింగులు, ఏడాదికో షిల్లింగు పెంపు. ఆడవాళ్లకి అందులో సగం. పాస్ లేకుండా ఎస్టేట్ దాటితే శిక్ష. అగ్రిమెంట్ అనే మాట నోరు తిరక్క జనం దాన్ని గిర్మిట్ అన్నారు, ఫిజీలో ఆ మనుషుల్ని గిర్మిటియాలు అన్నారు. నటాల్‌లో ఒప్పందం ముగిశాక కూడా అక్కడే ఉండిపోదామంటే ఏడాదికి 3 పౌండ్ల పన్ను వేశారు. నెల జీతం 10 షిల్లింగులు అంటే అర పౌండు. అంటే ఆరు నెలల జీతం పన్నుకే! 1913లో గాంధీ నాయకత్వంలో జరిగిన సమ్మెలో బొగ్గుగని కార్మికులతో పాటు చెరకు తోటల కూలీలు కూడా దిగింది ఈ పన్ను మీదే. 1914లో దాన్ని తీసేశారు.

ఓడ ఎక్కిన ప్రతి ఒక్కరికీ ఒక నంబరు. రిజిస్టర్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలు. ఇప్పుడు డర్బన్‌లో ఉన్నవాళ్లు ఆ రిజిస్టర్ల సాయంతోనే తమ ఊరు వెతుక్కుంటారు. నా ఫ్రెండ్ దగ్గర కూడా ఒక నంబరు ఉంది, జిల్లా పేరు విశాఖపట్నం అని ఉంది. ఊరి పేరు రాసిన తెల్లవాడికి ఎలా వినపడితే అలా రాశాడు. ఆమె పంపిన స్పెల్లింగ్ నేను పదిసార్లు పైకి చదివాను. ఏ ఊరో నాకూ అందలేదు.

కూలి అనే మాటే చూడండి. మనకి కూలి అంటే కష్టానికి ఇచ్చే డబ్బు. "ఈరోజు కూలి ఎంత?" అని ఎవరైనా అడుగుతారు, అందులో అవమానం లేదు. ఆ కూలీ అనే పిలుపు ఓడలతో పాటు వెళ్లి సౌత్ ఆఫ్రికాలో భారతీయుల్ని తిట్టే తిట్టు అయింది. ఇప్పటికీ అక్కడ ఆ మాట అంటే ఊరుకోరు.

తోట అంటే సరిపోతుందా?

తెలుగులో ప్లాంటేషన్‌ని ఏమనాలి? వెంటనే తోట అంటాం. కానీ తోట మనకి చాలా తియ్యటి మాట. మామిడితోట, పూలతోట, పెరటితోట. తోటలో మంచం వేసుకుని పడుకుంటాం. దగ్గరదగ్గరగా చెట్లుంటే తోపు, తాడితోపు, సరుగుడు తోపు. అడవిలాంటిదైతే వనం. మొక్కలు పెంచి అమ్మేది నర్సరీ. పంట పండేది చేను, పొలం. వీటిలో ఏ మాటకీ కూలీ లైన్లు లేవు, హాజరు పట్టీ లేదు, మేనేజర్ బంగళా లేదు.

హిందీలో చాయ్ బాగాన్ అంటారు. బాగాన్ అన్నా తోటే. ఇంగ్లీషులో టీ గార్డెన్. ఎక్కడ చూసినా ఆ పేరు పువ్వులా ఉంటుంది. అందుకే తేయాకు తోట అని రాసేటప్పుడు, అక్కడ పనిచేసేవాళ్ల సంగతి కూడా ఒక వాక్యం రాయకపోతే చదివేవాళ్ల కళ్లముందు పెరడే వస్తుంది. మున్నార్ రీల్స్‌లో పచ్చటి కొండలు చూపిస్తారు కదా. ఆ పచ్చదనం నడుము ఎత్తులో, కత్తిరించినట్టు సమానంగా ఎందుకుంటుంది? టీ నిజానికి చెట్టు, వదిలేస్తే చాలా ఎత్తు పెరుగుతుంది. కోసేవాళ్ల చేతికి అందాలని దాన్ని ఎప్పటికప్పుడు కత్తిరించి ఆ ఎత్తులో ఆపుతారు. మనం చూసి మురిసే ఆ అందం ఒక మనిషి నడుము కొలత.

చట్టంలో ప్లాంటేషన్

ఇండియాలో ఈ మాటకి చట్టంలో కూడా కొలత ఉంది. 1951 ప్లాంటేషన్స్ లేబర్ యాక్ట్ ప్రకారం టీ, కాఫీ, రబ్బరు, సింకోనా, యాలకులు. నేల 5 హెక్టార్లు, అంటే సుమారు 12 ఎకరాలు, అంతకు మించి ఉండాల్సింది. 15 మంది అయినా పనిలో ఉండాల్సింది. అలాంటి చోట యజమాని ఇళ్లు కట్టించాలి, తాగునీళ్లు, వైద్యం, పిల్లలకి చదువు, ఆడవాళ్లు ఎక్కువమంది ఉంటే పసిపిల్లల్ని ఉంచే గది ఏర్పాటు చేయాలని ఆ చట్టం చెప్పేది. 2020లో చేసిన కార్మిక కోడ్‌లలో ఈ చట్టాన్ని కలిపేశారు.

ఇక్కడ మాట విలువ తెలుస్తుంది. వంద ఎకరాల మామిడితోట ఉన్నా, 1951 చట్టం దృష్టిలో అది దానంతటది ప్లాంటేషన్ అయ్యేది కాదు. ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప ఆ ఇళ్లూ వైద్యం రూల్స్ అక్కడ వర్తించేవి కావు. ఇంకోవైపు, కేరళ భూసంస్కరణల చట్టంలో ప్లాంటేషన్లకి భూపరిమితి నుంచి మినహాయింపు ఉంది. వరిపొలం ఉన్నవాడు పరిమితి దాటితే వదులుకోవాలి, టీ ఎస్టేట్ ఉన్నవాడు ఉంచుకోవచ్చు. ఒక నేలని ఏ మాటతో పిలుస్తామన్న దాని మీద ఎవరి చేతిలో ఎంత భూమి మిగులుతుందో ఆధారపడింది.

అగ్రికల్చర్ చదివే ఫ్రెండ్స్‌కి ఒక నోట్. మీ సిలబస్‌లో ప్లాంటేషన్ క్రాప్స్ అంటే కొబ్బరి, వక్క, ఆయిల్ పామ్, జీడిమామిడి, కోకో కూడా వస్తాయి. ఉద్దానంలో అరెకరం కొబ్బరి ఉన్న రైతుది ప్లాంటేషన్ క్రాపే, కానీ ఆయన ప్లాంటేషన్ యజమాని కాదు. పరీక్షలో ఈ రెండూ కలపకండి.

మన్యంలో ఈ తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. అరకు, పాడేరు వైపు గిరిజన కుటుంబాలు ఎకరం, రెండెకరాల్లో సిల్వర్ ఓక్ నీడన కాఫీ పెంచుతాయి, ఆ చెట్లకే మిరియాల తీగ పాకిస్తాయి. 2019లో అరకు కాఫీకి జీఐ గుర్తింపు వచ్చింది. అదే కొండల్లో అటవీ అభివృద్ధి సంస్థ చేతిలో ఉన్న కాఫీ ప్లాంటేషన్లు కూడా ఉన్నాయి, వాటిలో గిరిజనులు కూలికి వెళ్తారు. మొక్క ఒకటే, నీడ ఒకటే, కోసే చేతులు కూడా అవే. ఒక చోట పండ్లు కోసిన మనిషి గింజ ధర గురించి మాట్లాడుతుంది, ఇంకో చోట రోజు కూలి గురించి మాట్లాడుతుంది.

నాలుగో అర్థం: అడవి లెక్కలో ప్లాంటేషన్

ఇప్పుడు మళ్లీ మన పచ్చ ఫోటోల దగ్గరికి వద్దాం. అటవీశాఖ భాషలో ప్లాంటేషన్ అంటే మనుషులు వరసగా నాటిన చెట్ల స్థలం. జామాయిల్ ప్లాంటేషన్, టేకు ప్లాంటేషన్, వెదురు ప్లాంటేషన్. ఖమ్మం వైపు ఇది ఒక చోటు పేరులాగే వాడతారు, "గొర్రెల్ని ప్లాంటేషన్ వైపు తోలకు" అంటారు. కాగితం మిల్లుల కోసం పెంచే జామాయిల్‌ని నాలుగైదేళ్లకి నరుకుతారు. మళ్లీ చిగురిస్తుంది, మళ్లీ నరుకుతారు. అది పంట. తప్పేం లేదు, మన నోట్‌బుక్కులు అక్కడి నుంచే వస్తాయి. కానీ అది అడవి కాదు.

చిక్కు ఎక్కడంటే, లెక్కలో. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కల్లో ఒక హెక్టారు, అంతకంటే ఎక్కువ నేల మీద చెట్ల నీడ 10 శాతానికి మించితే అది ఫారెస్ట్ కవర్. నేల ఎవరిది, చెట్టు ఏ జాతి అని చూడరు. తోటలూ, వెదురూ, పామ్ చెట్లూ అందులోకే వస్తాయి. ఐక్యరాజ్య సమితికి చెందిన ఎఫ్‌ఏఓ లెక్కలో మాత్రం ఆయిల్ పామ్ తోటలు, పండ్ల తోటలు అడవి కిందికి రావు. అందుకే "అడవి పెరిగింది" అనే వార్త చూసినప్పుడు, ఏ రకం పెరిగింది అని అడగాలి.

ప్రాజెక్టు కోసం పాత అడవి కొట్టేసినప్పుడు, దానికి బదులుగా ఇంకో చోట మొక్కలు నాటాలని రూల్ ఉంది. ఆ డబ్బు నిర్వహణకి 2016లో ప్రత్యేక చట్టం కూడా చేశారు. కాగితం మీద ఎకరానికి ఎకరం సరిపోతుంది. పాత అడవిలో ఇప్ప, తునికి, మద్ది, తీగలు, పుట్టలు, పిట్టలు ఉంటాయి. బదులు నాటిన చోట వరసలు ఉంటాయి.

ఇంకా కష్టమైన సంగతి, ఆ వరసలు ఎక్కడ నాటుతారు? కొన్నిచోట్ల ఆదివాసీలు పోడు చేసుకుంటూ 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా అడుగుతున్న నేలలోనే గుంతలు తీశారు. తెలంగాణలో హరితహారం సమయంలో దీని మీద పెద్ద గొడవలే జరిగాయి. అడవి కాపాడాల్సిన ఉద్యోగికి అది డ్యూటీ. అక్కడ జొన్న చల్లుకునే కుటుంబానికి ప్లాంటేషన్ అంటే నేల పోవడం. ఇందాక ఐర్లాండ్ కథ చెప్పాను కదా, గుర్తుందా? దేశం వేరు, కాలం వేరు, కారణం వేరు. కానీ పొద్దున లేచేసరికి తన చేలో ఇంకెవరో ఏదో నాటుతుంటే చూసే మనిషికి ఆ మాట ఒకేలా వినపడుతుంది.

నాటే మొక్క కూడా చూసుకోవాలి. త్వరగా పచ్చగా కనిపిస్తుందని రోడ్ల పక్కన కోనోకార్పస్ తెగ నాటారు. తర్వాత దానితో ఇబ్బందులున్నాయని తెలంగాణలో ఆపేశారు. ఫోటోకి బాగుండటం వేరు, నేలకి బాగుండటం వేరు.

మూడు ప్రశ్నలు

ఇంత చెప్పాక, నేను ఇప్పుడు ఏం చేస్తున్నానో చెప్తా. ప్లాంటేషన్ అనే మాట ఎక్కడ కనపడ్డా మూడు ప్రశ్నలు వేసుకుంటున్నా. ఏం నాటారు? ఎవరి నేలలో? ఎవరి చేతులతో? ఈ మూడింటికీ జవాబు వస్తే, ఆ మాటకి అక్కడ ఏ అర్థమో దానంతటదే తేలిపోతుంది. ఎస్టేట్ అయినా, అడవి లెక్క అయినా, మీ కాలేజీ ప్రోగ్రామ్ అయినా.

వాడుకలో కూడా చిన్న మార్పు చేసుకున్నా. నాటే పనికి "మొక్కలు నాటాం" అంటున్నా. తెలుగులో హాయిగా ఉంది, నాటినవాళ్లు ఎవరో కూడా ఆ వాక్యంలోనే ఉంది. పెద్ద టీ, రబ్బరు నేలలకి ఎస్టేట్ అంటున్నా. అటవీశాఖ వరసలకి ప్లాంటేషన్ అనే ఉంచుతున్నా, అడవి అనట్లేదు.

ఆ రోజు డర్బన్ ఫ్రెండ్‌కి సారీ చెప్పి, స్టేటస్ మార్చాను. "మా వీధిలో మొక్కలు నాటాం" అని రాసి స్క్రీన్‌షాట్ పంపాను. ఆమె "ఏం మొక్కలు?" అంది. వేప, కానుగ, నేరేడు అన్నాను. ఎవరి నేల అంది. మునిసిపాలిటీ రోడ్డు పక్క అన్నాను. "మరి నీళ్లు ఎవరు పోస్తారు?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఫోటో దిగిన 20 మందిలో ఎవరూ ఆ సంగతి అనుకోలేదు. ఆ సాయంత్రం వీధి గ్రూపులో అడిగితే ఆరుగురు ముందుకొచ్చారు, వంతులు వేసుకున్నాం. నాది మంగళవారం, శుక్రవారం. నాటిన వాటిలో ఈ వేసవి దాటినవి సగమే. ఆ సగానికి నీళ్లు పోసినవాళ్లు ఎవరో మాత్రం పేరుపేరునా చెప్పగలను.

మీ ఊళ్లో ప్లాంటేషన్ అంటే ఏ అర్థంలో వాడతారో, మీ ఇంట్లో ఎవరైనా ఎస్టేట్లకి వెళ్లినవాళ్లు ఉంటే వాళ్లు ఏ మాట వాడేవాళ్లో అడిగి చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో మాటతో కలుద్దాం. ఉంటాను.